జామపండుతో తొలి జామ్
(మహిళల కార్యక్రమంలో ప్రసంగ పాఠం)



ఆవకాయ పెట్టేటప్పుడు మన చెయ్యి వణకదు. ఎన్ని కాయలకు ఎంత ఉప్పు పడుతుందో, నూనె ఎంత పైకి తేలాలో మనకు తెలుసు. తడి చెయ్యి జాడీలో పెడితే ఎంతటివాళ్లనైనా కసురుతాం. అలాంటి మనం జామ్ అనేసరికి "అమ్మో, అది కంపెనీలవాళ్ల పని, మనవల్ల ఎక్కడవుతుంది?" అని వెనక్కి తగ్గుతాం. ఇంకొందరు భయపడరు గాని, హల్వా చేసినట్టు కంటితో కొలిచి చేసేస్తారు. పదిహేను రోజులు తిరక్కుండా సీసాలో బూజు కనిపిస్తుంది. ఇక మళ్లీ జామ్ జోలికి పోరు.

నేనివాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. జామ్ మిఠాయి కాదు. ఊరగాయలాగే అదీ నిలవ పదార్థం. దాన్ని నిలవ ఉంచేవి ఏమిటో తెలుసుకుంటే భయమూ ఉండదు, బూజూ ఉండదు. మన పిల్లలు తినే వస్తువు కదా, ఆ మాత్రం తెలుసుకునే మొదలుపెడదాం.

జామ్‌కు కాపలా కాసేవి నాలుగు: పంచదార, పులుపు, వేడి, బిగువైన మూత.

ఆవకాయలో ఉప్పు చేసే పనే జామ్‌లో పంచదార చేస్తుంది. పండులోని నీటిని తనతో పట్టి ఉంచి, సూక్ష్మజీవులకు అందనివ్వదు. మన దేశంలో 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు ప్రకారం జామ్‌లో కరిగి ఉన్న ఘనపదార్థాలు, అంటే ముఖ్యంగా పంచదార, నూటికి 68 పాళ్లకు తగ్గకూడదు. 2011లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనల్లో అది 65 పాళ్లు అయింది. కనుక "పిల్లలకు అంత తీపి ఎందుకు?" అని పంచదార సగానికి సగం తగ్గిస్తే, తీపితోపాటు కాపలా కూడా తగ్గిపోతుంది. తక్కువ తీపితో చేసుకోకూడదని కాదు. చేస్తే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకుని వారం రోజుల్లో తినెయ్యాలి, అలమారలో నిలవ పెట్టకూడదు.

రెండోది పులుపు. ఇది రుచి కోసమే అనుకుంటారు చాలామంది. ఉడికిన పండులో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. పంచదార, పులుపు తగిన పాళ్లలో కలిస్తేనే అది గట్టిపడి ముద్దకడుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. గాలి చొరని సీసాలో, పులుపు లేని పదార్థంలో పెరిగే ఒక సూక్ష్మజీవి ప్రాణం తీసేంత విషాన్ని పుట్టిస్తుంది. మామూలుగా మరిగే నీళ్ల వేడికి దాని బీజాలు చావవు. పులుపుంటే మాత్రం అది పెరగదు. బొప్పాయివంటి పులుపు తక్కువ పండ్లకు నిమ్మరసమో, నిమ్మ ఉప్పో తప్పకుండా పడాలనేది అందుకే. ఇవాళ చెప్పే పద్ధతిలో బఠాణీలు, చిక్కుళ్లు, మొక్కజొన్న వంటివి సీసాల్లోకి ఎక్కించే ప్రయత్నం ఎప్పుడూ చెయ్యకండి.

ఇక వేడి, మూత. ఈ రెండూ జంటగా పనిచేస్తాయి. ఫ్రాన్సులో నికొలా అపేర్ అనే వంటగాడు గాజుసీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉడికిస్తే నెలల తరబడి నిలవ ఉంటుందని చూపించాడు. ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. 1810లో ఆ పద్ధతి మీద ఆయన పుస్తకం అచ్చయింది. ఎందుకు నిలవ ఉంటుందో మాత్రం ఆయనకే తెలియదు! ఆ గుట్టు 1860 ప్రాంతాల్లో లూయీ పాశ్చర్ పరిశోధనలతో విడింది. లోపలి సూక్ష్మజీవులు వేడికి చస్తాయి, బయటివి మూత దాటి రాలేవు. అంతే సంగతి.

మొదటిసారికి జామపండు తీసుకోండి. పేరు కలిసిందని కాదు సుమా! జామపండులో పెక్టిన్ పుష్కలంగా ఉంటుంది, కనుక సులువుగా ముద్దకడుతుంది. పైగా కాపు కాసేటప్పుడు చవకగా వస్తుంది. కిలోంబావు పళ్లు తెచ్చుకోండి. వాటిలో ముప్పాతిక వంతు పండినవి, పాతిక వంతు దోరవి ఉండాలి. బాగా మగ్గినకొద్దీ పెక్టిన్ తగ్గిపోతుంది, అందుకని దోరకాయలు. పురుగు తొలిచినవి, మెత్తబడి కుళ్లు వాసన వేసేవి తీసెయ్యండి.

పళ్లు కడిగి, ముక్కలు కోసి, 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత పెట్టి మెత్తగా ఉడికించండి. వేడిమీదే జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే గింజలు పైన నిలిచిపోయి గుజ్జు కిందికి దిగుతుంది. ఈ గుజ్జును తూచి కిలో తీసుకోండి. దానికి 750 గ్రాముల పంచదార, 2 1/2 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే చిన్న చెంచాతో అరచెంచా, సరిపోతుంది.

గిన్నె మందపాటి అడుగున్న స్టీలుది, లోతైనది కావాలి. పులుపు తగిలేది కనుక అల్యూమినియం వద్దు. పొయ్యి మీద పెట్టేముందు ఖాళీ గిన్నెను తూచి, బరువు ఒక కాగితం మీద రాసుకోండి. ఎందుకో తరువాత చెబుతాను.

గుజ్జు, పంచదార కలిపి, పంచదార కరిగేదాకా సన్నసెగన, కరిగాక పెద్దసెగన కలుపుతూ ఉడికించండి. సన్నసెగ మీద గంటలకొద్దీ ఉడికిస్తే పెక్టిన్ దెబ్బతింటుంది, రంగూ నల్లబడుతుంది. చిక్కబడేకొద్దీ గుజ్జు టపటపా చిందుతుంది. పొడుగు గరిటె వాడండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. దింపేముందు, కాసిని నీళ్లలో కరిగించిన నిమ్మ ఉప్పు కలపండి.

ఎప్పుడు దించాలన్నదే అసలు కిటుకు. అరిసెలకు పాకం చూసే చేతికి ఇది కష్టం కాదు, కాని ఇక్కడ చూడవలసింది తీగపాకమూ కాదు, ఉండపాకమూ కాదు. గరిటెతో తీసి కొంచెం చల్లారనిచ్చి వంచితే, చుక్కలు చుక్కలుగా కారకుండా, అన్నీ కలిసి రేకులాగా జారి తెగాలి. లేదా చల్లని పళ్లెంలో ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెడితే పైన ముడతలు పడాలి. పరీక్ష చూసేంతసేపూ పొయ్యి ఆర్పడం మరిచిపోకండి.

ఇవి కుదరలేదా, తూకం ఉంది. తయారైన జామ్ బరువు, వేసిన పంచదార బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. మన లెక్కకు 1,125 గ్రాములు. ఖాళీ గిన్నె 900 గ్రాములుంటే, జామ్‌తో కలిపి 2,025 గ్రాములకు వచ్చినప్పుడు దించాలి. గిన్నెను తూచమన్నది ఇందుకే. వంటకు వాడే థర్మామీటరు ఉంటే ఇంకా తేలిక. మీ ఊళ్లో నీళ్లు మరిగే వేడికి 5 డిగ్రీలు పైకి రావాలి. విశాఖపట్నంలో అది 105 డిగ్రీలు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కనుక అక్కడ 103 చాలు. 105 కోసం కాచుకుని కూర్చుంటే జామ్ బెల్లపు పాకంలా బిగుసుకుపోతుంది.

జామ్ ఉడుకుతుండగానే అరకిలోవి రెండు సీసాలు శుభ్రంగా కడిగి, నీళ్లలో 10 నిమిషాలు మరిగించి, వేడిగానే ఉంచుకోండి. చల్లని సీసాలో వేడి జామ్ పోస్తే పగులుతుంది. మూతలు కొత్తవి కావాలి. పాత మూత లోపలి పొర అరిగిపోయి గాలిని ఆపలేదు. పావు అంగుళం వెలితి ఉంచి నింపి, సీసా మూతిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, మూత బిగించండి. లోతైన గిన్నె అడుగున గుడ్డ పరిచి, సీసాలు నిలబెట్టి, మూతలపైన అంగుళం ఎత్తు దాకా వేడినీళ్లు పోసి, 10 నిమిషాలు మరగనివ్వండి. తీసి పొడిగుడ్డ మీద పెట్టి, రాత్రంతా కదపకండి. మూత మధ్యభాగం లోపలికి లాక్కుని ఉంటే బాగా బిగిసినట్టు. వేలితో నొక్కితే టక్కుమని పైకి లేస్తుంటే ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి ముందుగా వాడెయ్యండి.

ఒకప్పుడు జామ్ పైన కరిగించిన మైనం పోయమని నేర్పేవారు. చల్లారాక మైనం కుంచించుకుని అంచుల దగ్గర సందులు పడతాయి. ఆ పద్ధతి ఇప్పుడు మంచిది కాదంటున్నారు. అలాగే, బూజు పడితే పైపైన తీసేసి మిగతాది తినే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. బూజు వేళ్లు కంటికి కనిపించకుండా లోపలికి దిగి ఉంటాయి. కొన్ని బూజులు విషాన్ని కూడా వదులుతాయి. కష్టపడి చేసిందని మనసు ఒప్పుకోకపోయినా, సీసా మొత్తం పారెయ్యండి. పండ్లు మళ్లీ కొనుక్కోవచ్చు.

జామ్ పలచగా ఉండిపోతే కంగారుపడకండి. కొంచెం నిమ్మరసం చేర్చి మళ్లీ ఉడికించి, మళ్లీ పరీక్ష చూసి, సీసాలు మళ్లీ మరిగించి నింపండి. గట్టిపడ్డాక నీరు వదులుతుంటే పులుపు ఎక్కువైందని గుర్తు. పంచదార పలుకులు కడితే పంచదార ఎక్కువైందనో, పులుపు చాలలేదనో అర్థం. ఏ కాపలా తప్పిందో జామే మనకు చెబుతుందన్నమాట.

బజారు జామ్‌లో పండు నూటికి 45 పాళ్లుంటే చాలని నిబంధన. మనం కిలో గుజ్జంతా 1,125 గ్రాముల్లోకి దించాం. రంగులేదు, సెంటులేదు. ఏం వేశామో మన చేతికి తెలుసు. అంత మాత్రాన తీపి తీపే కదా, రొట్టె మీద పలచగానే రాయండి. చక్కెర జబ్బున్నవాళ్లకు పెట్టకండి.

సీసాల మీద చేసిన తేదీ రాసి, ఎండ తగలని చోట ఉంచండి. ఏడాదిలోగా వాడుకోండి. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి, ఎప్పుడూ పొడిచెంచానే వాడండి.

రెండు సీసాలు నిండగా 125 గ్రాములు మిగులుతుంది చూశారూ, అది చిన్న గిన్నెలోకి తీసి ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదికీ చపాతీతో పెట్టండి. ఎలా ఉందో నలుగురూ నాలుగు మాటలంటారు. ఆ మాటలు గుర్తుంచుకుని, ఈసారి అనాసపండుకో, మామిడిపండుకో చెయ్యి చాచండి.