స్వర్ణకారుని పనికొట్టు
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



స్వర్ణకారుని నిత్యజీవనమును గూర్చి కొన్ని మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. మన శిల్పముయొక్క ప్రాచీనతను, మయ త్వష్టాదుల మహిమను గొనియాడు ఉపన్యాసములు మన సభలలో విరివిగా జరుగుచునే యున్నవి. అవి వీనులకు విందే. కాని ఇల్లు చేరిన పిమ్మట కుంపటిలో బొగ్గులు లేనివానికి ఆ పొగడ్తలు వేడి నీయజాలవు. గావున నేడు నేను, చిన్న కొట్టులో ఒక్కడుగానో, కుమారుడో తమ్ముడో తోడుగానో కూర్చుండి పనిచేయు కంసాలి దినమెట్లు గడచుచున్నదో, అతని చిక్కెక్కడ నున్నదో, అతడు నిలుచుటకు మార్గమేదో మీకు మనవి చేసెదను.

అతని దినము చీపురుతో ప్రారంభమగును. ఇతరుల యిండ్లలో ఊడ్చిన దుమ్ము వీధిపాలగును. మన కొట్టులోని దుమ్ము డబ్బాపాలగును. ఆకురాయి పెట్టినప్పుడు రాలిన రజను, చేతులు కడిగిన నీటి అడుగున నిలిచిన మడ్డి, పగిలిన మూసముక్కలు, కుంపటి బూడిద — ఇవన్నియు దాచవలసినవే. కొన్నినెలలకొకమారు ఆ దుమ్మును కడిగి బంగారము దీయువారు వచ్చి బేరమాడి కొనిపోవుదురు. ఏ వృత్తిలోనైనను చెత్తకింత విలువ గలదా?

పిమ్మట తూకము. ఒకనాడు గురిగింజలతోను, 11.66 గ్రాముల తులముతోను జరిగిన తూకము ఇప్పుడు మీటనొక్కిన మిల్లీగ్రాములు చూపు యంత్రముతో జరుగుచున్నది. వ్యవహారమున 10 గ్రాములనే తులమనుచున్నారు. కోస్తాజిల్లాలలో 8 గ్రాములను కాసనుచున్నారు. తూచిన బంగారమును మూసలోనుంచి, వెలిగారము చల్లి కరగించును. మేలిమి బంగారము 1064 డిగ్రీల వేడికిగాని కరగదు. అది మిక్కిలి మెత్తనిదగుటచే నగకు నిలువదు. అందుచే రాగియు వెండియు గలుపుదురు. వేయింట 916 పాళ్లు మేలిమియున్నదే 22 క్యారట్ల బంగారము. కరగిన దానిని కడ్డీగా బోసి, దాకలిపై సాగగొట్టి, గట్టిపడినప్పుడెల్ల ఎఱ్ఱగా కాచి మెత్తపరచి, కమ్మచ్చు రంధ్రములగుండ ఒకదానికంటె నొకటి సన్నముగా లాగి తీగ చేయును. ఆ తీగయే గొలుసగును, జూకా అంచగును, నానుతాడగును. పని ముగిసిన సాయంకాలము మరల తూకము. ఉదయపు తూకమునకును సాయంకాలపు తూకమునకును నడుమనున్న భేదమే అతనికి రాత్రి నిద్ర పట్టునో పట్టదో తేల్చును.

సంవత్సరమంతయు పని యొక్కరీతిగా నుండదు. శ్రావణమునను, మాఘ ఫాల్గుణముల ముహూర్తములయందును అన్నము తినుటకు తీరికయుండదు. ఆషాఢమున, మూఢములో, సుత్తి తుప్పుపట్టును. అందువలన ఆరుమాసముల సంపాదనతో పండ్రెండు మాసములు గడపనేర్చినవాడే సంసారము నిలుపుకొనగలడు. మంగళసూత్రముల పని మాత్రము పనివానికి గౌరవమును గూడ తెచ్చును. రెండు పుస్తెలలో ఒకటి పుట్టినింటివారును, ఒకటి మెట్టినింటివారును చేయింతురు. మంచిదినము చూచి, తాంబూలముతో, స్వయంపాకముతో బంగారమును మన చేతనుంచు కుటుంబము లిప్పటికిని గలవు. ఆ క్షణమున మనము కూలివారము గాము. ఆ శుభకార్యమున భాగస్వాములము.

అయినను సోదరులారా! ఆ తాంబూలము నిచ్చిన చేయియే మనలను శంకించుచుండును. ఈ శంక నేటిది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున స్వర్ణకారులు చేయు మోసములను వరుసగా లెక్కించి, వానిని బట్టుకొను ఉపాయములు చెప్పబడియున్నవి. మనపై పుట్టిన సామెతలు మీకు దెలియనివి గావు. వానిని విని కోపించుటవలన ప్రయోజనము లేదు. శంక యెక్కడ పుట్టుచున్నదో విచారింపవలెను.

అది ముఖ్యముగా టంకములో పుట్టుచున్నది. రెండు ముక్కల నతుకుటకు వాడు టంకము నగకంటె ముందుగా కరగవలెను. అందుచే దానిలో ఇతర లోహములెక్కువగా కలియును. 916 వన్నెగల బంగారము 19 గ్రాములును, 700 వన్నెగల టంకము 1 గ్రామును గలిసి 20 గ్రాముల గొలుసైనదనుకొందము. మొదటిదానిలో మేలిమి 17.404 గ్రాములు, రెండవదానిలో 0.700, వెరసి 18.104 గ్రాములు. ఆ గొలుసును కరగించి పరీక్షించిన 905 వన్నె మాత్రమే తేలును. పనివాడు గురిగింజయెత్తు బంగారమైనను దీయలేదు. కాని 916 అని చెప్పిన మాట నిలువలేదు. పదియేండ్ల తరువాత ఆ యిల్లాలు పిల్లవాని చదువునకై ఆ గొలుసు నమ్మబోయినప్పుడు అంగడివాడు "మీ కంసాలి మోసగించినాడు" అనును. టంకము సంగతి ముందుగా చెప్పి వ్రాసియిచ్చినవాడు పనివాడనిపించుకొనును. చెప్పనివాడు నిర్దోషియైనను దొంగయనిపించుకొనును.

మన వృత్తికి దొరతనమువారి చట్టములవలనను దెబ్బలు తగిలినవి. 1963 జనవరిలో వచ్చిన స్వర్ణనియంత్రణ నిబంధనలు 14 క్యారట్లకు మించిన క్రొత్తనగలు చేయరాదనెను. మన స్త్రీలు 14 క్యారట్ల పుస్తెల నెన్నడు కోరిరి? ఒక్కమారుగా కుంపట్లు చల్లారినవి. దేశమందంతట స్వర్ణకారులు ఆందోళన సలిపిరి. బ్రతుకుతెరువు లేక ప్రాణములు తీసికొన్నవారును గలరు. 1966లో క్యారట్ల నిబంధము సడలెను. 1968లో స్వర్ణనియంత్రణ చట్టము వచ్చెను. 1990లోగాని అది రద్దుకాలేదు. ఈ ఇరువదియేడేండ్లలో మన కుటుంబములనుండి పలువురు ఇతర వృత్తులలోనికి బోయిరి. తండ్రి చేతిపని కొడుకునకు దిగకపోవుట కది యొక ముఖ్యకారణము.

నేటి స్థితి వేరు. 2021 జూన్ 16 నుండి హాల్‌మార్కు ముద్ర దేశమందలి 256 జిల్లాలలో మొదట నిర్బంధమైనది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరాంకముల ప్రత్యేక సంఖ్య లేనిదే ముద్రనగ నమ్మరాదని నియమము వచ్చినది. సంవత్సరమునకు 40 లక్షల రూపాయల వ్యాపారము దాటని చిన్నవారికిని, 2 గ్రాములలోపు వస్తువులకును 2021 నాటి ఉత్తరువు మినహాయింపు నిచ్చినది. కొందరు దీనిని మనకు రక్షయనుకొనిరి. నేను అట్లనుకొనను. ముద్రకు అలవాటుపడిన జనులు ముద్రలేని నగను చేతబట్టుటకే సంకోచింతురు. మినహాయింపు శిక్షనుండి కాపాడునుగాని బేరమును దెచ్చిపెట్టదు.

ఇక యంత్రముపై పోతపోసిన నగలు దూరనగరములనుండి వచ్చి పెద్ద అంగళ్ల అద్దముల వెనుక మెరయుచున్నవి. మనవారిలో పలువురు ఆ అంగళ్లకు ముక్కకింతయని కూలికి చేయువారైరి. చిన్నకొట్టునకు మిగిలినదేది? తెగిన గొలుసతుకుట, కమ్మమర బిగించుట, పాతనగకు మెరుగుపెట్టుట. వీనిని చిన్నపనులని తలంపకుడు. అవ్వ ముక్కుపుడకను మనుమరాలి ముక్కునకు సరిపడునట్లు సవరించుట యంత్రమునకు రాదు. ఒక కుటుంబముయొక్క మూడుతరముల నగల చరిత్ర నెఱిగినవాడు ఆ వీధికంసాలియే. ఈ పరిచయమే మన మూలధనము. దానిని కాపాడుకొనుటకు ఈ మహాసభయెదుట అయిదు సూచనలు చేయుచున్నాను.

ఒకటి: ప్రతి పనికిని చీటి. తీసికొన్న బంగారము, దాని వన్నె, రాళ్ల బరువు, టంకము, తరుగు, మజూరి, తిరిగియిచ్చిన బరువు — అన్నియు వేర్వేరుగా వ్రాయవలెను. మజూరి తగ్గించి చెప్పి తరుగులో లాభము దాచు పద్ధతిని విడువవలెను. మన నేర్పునకు వెల గలదు. దానిని బాహాటముగా నడిగిన సిగ్గు లేదు.

రెండు: కాడ్మియము కలిసిన టంకమును మానవలెను. ఆ లోహము 767 డిగ్రీలకే ఆవిరియగును. ఆ పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండములను చెఱచును. కిటికీలేని గదిలో ఊదుగొట్టము పట్టువాడు నగతోపాటు తన ఆయువును గూడ కరగించుచున్నాడు. ఆమ్లముల పొగయు నట్టిదే. గాలిపోవు దారి యేర్పరచుటకు ఖర్చు స్వల్పము.

మూడు: ఒక్కొక్కడు కొనజాలని పరీక్షాయంత్రమును పదిమంది కలిసి కొనవచ్చును. సహకారసంఘముగా నేర్పడి ముద్రకు నమోదు పొందిన, పల్లెకొట్టులో చేసిన నగయు పట్టణపు నగతో సమానముగా నిలుచును. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో స్వర్ణకారవృత్తియు చేరియున్నది. పనిముట్లకు 15,000 రూపాయల సాయమును, 5 శాతము వడ్డీకి మొదట లక్షయు పిదప రెండు లక్షలును ఋణమును అందు నిర్ణయింపబడినవి. దరఖాస్తు వ్రాయనేర్చిన యువకులు వ్రాయలేని పెద్దలకు తోడ్పడవలెను.

నాలుగు: కాసులపేరు, వంకీ, నాగరము, అడ్డబాస మొదలగు పాతనగల రూపములను కాగితముపై దింపి దాచవలెను. కరిగినగ మరల రాదు. చిత్రమున్న చేయి మరల చేయగలదు. పిల్లలను బడి మాన్పింపక, బడి చదువుతోడనే చిత్రలేఖనమును, కంప్యూటరుపై నమూనాలు గీయుటను నేర్పింపవలెను.

అయిదు: మన యిండ్లలో స్త్రీలు పూసలు గ్రుచ్చుచున్నారు, ముత్యములు కట్టుచున్నారు, నగలకు మెరుగుపెట్టుచున్నారు. ఆ శ్రమ ఏ చీటిలోను కనబడదు. మజూరి లెక్కలో వారి పాలు వారి పేర వ్రాసి వారికే యిచ్చినప్పుడుగాని మన లెక్క సరియైన లెక్క గాదు.

మహాశయులారా! ఒరగల్లు నల్లనిది, మోటైనది. దానిని మనమే పెట్టెలో నుంచుకొని తరతరములుగా ఇతరుల బంగారమును గీచి చూచుచున్నాము. నేడు లోకము మనలను గీచి చూచుచున్నది. ఆ గీటు పసుపుపచ్చగా మెరయునట్లు మన చీటియు, మన తూకమును, మన మాటయు నుండవలెనని కోరుచున్నాను.