చివరి బాల్ విసిరినవాడిదేనా తప్పంతా?

ఈసారి టాపిక్ మన చానెల్‌కి కొంచెం కొత్త. అమెరికన్ ఫుట్‌బాల్. "అన్నా, మాకు క్రికెట్ చూడటానికే టైమ్ లేదు, ఇదెందుకు?" అనకండి. రూల్స్ ఏమీ తెలియకపోయినా ఇది మీకు అర్థమవుతుంది. షికాగో పక్కన నేపర్‌విల్, అరోరా వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లకైతే నేను చెప్పక్కర్లేదు, ఈ గాయం ఇంకా గుర్తుండే ఉంటుంది.

ముందు క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో చెప్తా. టీమ్ అటాక్ చేసేటప్పుడు దాదాపు ప్రతి ప్లేలో బాల్ ముందు ఇతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఎదురుగా కొండల్లాంటి మనుషులు మీదకు వస్తుంటారు. వాళ్లను ఆపడానికి ముందు ఐదుగురు లైన్‌మెన్ ఉంటారు. వాళ్లు ఆపలేకపోతే ఇతన్ని బాల్‌తో సహా నేలమీద పడేస్తారు. దాన్ని శాక్ అంటారు. గెలిస్తే పేరు ఇతనికే, ఓడితే తిట్లూ ఇతనికే.

ఇప్పుడు కథలోకి వద్దాం. 2024 నవంబర్ 28, థ్యాంక్స్‌గివింగ్ రోజు. డెట్రాయిట్ లయన్స్ మీద షికాగో బేర్స్. బేర్స్ క్వార్టర్‌బ్యాక్ కాలెబ్ విలియమ్స్, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. పదిరోజుల ముందే 23 ఏళ్లు నిండాయి. హాఫ్‌టైమ్‌కి స్కోర్ 16-0, బేర్స్ సున్నా. అందరూ టీవీ కట్టేసే పరిస్థితి. అక్కడి నుంచి ఈ కుర్రాడు సెకండ్ హాఫ్‌లో 3 టచ్‌డౌన్ పాస్‌లు కొట్టాడు. ఇంటర్‌సెప్షన్ ఒక్కటి కూడా లేదు. స్కోర్ 23-20 అయింది. చివరి మూడు నిమిషాల చిల్లరలో సొంత గోల్ లైన్ పక్కనుంచి మొదలుపెట్టి, టీమ్‌ని డెట్రాయిట్ 25 గజాల లైన్ దాకా తీసుకెళ్లాడు. అక్కడి నుంచి ఒక్క ఫీల్డ్ గోల్ కొడితే 3 పాయింట్లు, మ్యాచ్ టై.

అప్పుడు లైన్‌మెన్‌లో ఒకరి మీద పెనాల్టీ పడింది. 10 గజాలు వెనక్కి. తర్వాతి ప్లేలో కాలెబ్ శాక్ అయ్యాడు. ఇంకో 6 గజాలు వెనక్కి. క్లాక్‌లో 32 సెకన్లు ఉన్నాయి. చేతిలో ఒక టైమౌట్ ఉంది. టైమౌట్ తీసుకుంటే గడియారం ఆగుతుంది, ఊపిరి పీల్చుకోవచ్చు, ప్లాన్ వేసుకోవచ్చు.

ఎవరూ తీసుకోలేదు.

గడియారం నడుస్తూనే ఉంది. అందరూ లేచి, సర్దుకుని, బాల్ కదిలేసరికి మిగిలింది 6 సెకన్లు. కాలెబ్ ఎండ్‌జోన్ వైపు ఒక పెద్ద త్రో విసిరాడు. అందలేదు. మ్యాచ్ అయిపోయింది. టైమౌట్ అలాగే వాడకుండా మిగిలిపోయింది.

స్కోర్‌కార్డ్‌లో ఆఖరి లైన్ చూస్తే ఏముంటుంది? కాలెబ్ విలియమ్స్, ఇన్‌కంప్లీట్. కానీ షికాగో ఫ్యాన్స్ ఆ ఒక్క లైన్ చదివి ఆగలేదు. "పిల్లాడు మ్యాచ్‌ని అక్కడిదాకా తెచ్చాడు, సైడ్‌లైన్‌లో నిలబడ్డ హెడ్ కోచ్ ఏం చేస్తున్నాడు?" అని అడిగారు. మర్నాడే కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్ ఉద్యోగం పోయింది. బేర్స్ వందేళ్లు దాటిన చరిత్రలో సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ని తీసేయడం అదే మొదటిసారి.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే తెల్లారి ఒక మీటింగ్ ఉండేది. ఆర్‌సీఏ, అంటే అసలు కారణం ఎక్కడుందో వెతకడం. చెత్త టీమ్‌లో మొదటి ప్రశ్న "చివరగా కోడ్ పెట్టింది ఎవరు?" అదెప్పుడూ ఫ్రెషరే అయి ఉంటాడు, ఎందుకంటే నైట్ షిఫ్ట్ వాడికే వేస్తారు కదా. మంచి టీమ్‌లో ప్రశ్న వేరు. టెస్టింగ్ ఎవరు చూశారు, అలారం ఎందుకు మోగలేదు, సీనియర్ ఎక్కడున్నాడు? ఆ రోజు ఫ్యాన్స్ చేసింది ఈ రెండో రకం పని.

ఆ ప్రశ్నలే కాలెబ్ సీజన్ మొత్తం మీద వేసి చూడండి. ఆ సీజన్లో అతను 68 సార్లు శాక్ అయ్యాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. 17 మ్యాచ్‌లు, అంటే మ్యాచ్‌కి నాలుగుసార్లు. నవంబర్‌లోనే ఒకసారి అఫెన్స్ కోచ్ మారాడు, తర్వాత హెడ్ కోచ్ మారాడు. కొత్తగా చేరినవాడికి మూడు నెలల్లో ఇద్దరు మేనేజర్లు మారితే ఏం నేర్చుకుంటాడు చెప్పండి?

ఇలా కుర్రాళ్లు పాడైపోవడం కొత్తేం కాదు. 2002లో హ్యూస్టన్ టెక్సాన్స్ కొత్త టీమ్. మొదటి పిక్‌తో డేవిడ్ కార్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్నారు. ఆ ఒక్క సీజన్లో అతను 76 సార్లు శాక్ అయ్యాడు, ఇప్పటికీ అదే రికార్డ్. 2007లో అతన్ని వదిలేశారు. తర్వాత కెరీర్ అంతా ఎక్కువగా బెంచ్ మీదే. అందుకే షికాగో ఫ్యాన్స్ భయపడ్డారు. వాళ్ల టీమ్‌లో ఏ క్వార్టర్‌బ్యాక్ కూడా ఒక సీజన్లో 4,000 గజాలు విసిరింది లేదు. ఇన్నేళ్లకు దొరికిన ఒక్కణ్ణీ మనమే నలిపేస్తామా అని వాళ్ల బాధ.

అలాగని కాలెబ్ తప్పేమీ లేదా? ఉంది. టైమౌట్ ఆటగాడు కూడా అడగొచ్చు. తను అడగలేదు. ఆ సీజన్ శాకుల్లో కొన్ని తను బాల్ ఎక్కువసేపు పట్టుకుని కూర్చోవడం వల్ల వచ్చినవే. "మావాడు దేవుడు, ఎవడైనా ఏమైనా అంటే ఊరుకోం" అనేవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. అది వెనకేసుకురావడం కాదు గయ్స్, భజన. కుర్రాడి వాటా ఎంతో అంత చెప్పి, మిగతాది ఎవరిదో వాళ్లకు పంచితేనే అతనికి సాయం చేసినట్టు.

ఇంకో విషయం, ఇది కొంచెం గుచ్చుకుంటుంది. దీనికి నెల ముందు, అక్టోబర్ 27న, వాషింగ్టన్ మీద మ్యాచ్‌లో చివరి ప్లే. 52 గజాల పాస్, బేర్స్ 18-15తో ఓడిపోయారు. ఆ ప్లే మొదలయ్యేటప్పుడు బేర్స్ డిఫెండర్ టైరిక్ స్టీవెన్‌సన్ ఆటవైపు చూడకుండా స్టాండ్స్‌లోని ఫ్యాన్స్‌ని రెచ్చగొడుతున్నాడు. తప్పే, పెద్ద తప్పు. తనే పబ్లిక్‌గా సారీ చెప్పాడు. అతనికి అప్పుడు 24 ఏళ్లు. కాలెబ్ కంటే ఒక్క ఏడాదిన్నర పెద్ద. కానీ అతని దగ్గరికొచ్చేసరికి "పాపం, కుర్రాడు" అన్న గొంతులు తక్కువ, తిట్లు ఎక్కువ. ఆ రోజు కూడా అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. అంతకుముందు ప్లేలో అన్ని గజాలు ఊరికే ఎందుకు వదిలారు? స్టాండ్స్ వైపు తిరిగినవాణ్ణి సైడ్‌లైన్ నుంచి ఎవరూ ఎందుకు పిలవలేదు?

స్టార్ అయితే అర్థం చేసుకుంటాం, మామూలోడైతే ఉతికేస్తాం. మనకి నచ్చనివాడి విషయంలో కూడా అవే ప్రశ్నలు అడగగలిగితే, అప్పుడు మనం న్యాయం మాట్లాడుతున్నట్టు.

తర్వాతేమైంది? ఆ థ్యాంక్స్‌గివింగ్ రోజు ఎదురు టీమ్‌లో అఫెన్స్ నడిపించిన బెన్ జాన్సన్‌నే 2025లో బేర్స్ హెడ్ కోచ్‌గా తెచ్చుకున్నారు. ముందు నిలబడే లైన్‌లో ముగ్గురు కొత్తవాళ్లను దింపారు. అదే కాలెబ్, అదే చెయ్యి. 11 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ కొట్టారు. ఒకవేళ గెలవకపోయినా, ఫ్యాన్స్ ఆ రోజు అడిగింది కరెక్టే. ఎందుకంటే వాళ్లు అడిగింది కాలెబ్ గొప్పోడా కాదా అని కాదు, ఎవరి పని ఎవరు చేయలేదు అని.

మీ ఆఫీస్‌లో, కాలేజ్ ప్రాజెక్ట్‌లో, మీ గల్లీ టీమ్‌లో చివర్లో చెయ్యి పెట్టినందుకు మొత్తం నింద మోసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే, ఆ రోజు పక్కన ఎవరైనా నిలబడ్డారా? కామెంట్స్‌లో రాయండి, పేర్లు మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.