గ్యాసును పసిగట్టే పెట్టె
(మహిళా సంఘం సమావేశంలో చెప్పిన మాటలు)



1999లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. ఎంతోమంది ఆడవాళ్లకు పొగ బాధ తగ్గింది. గ్యాసు మంచిదే. కానీ ఏమరుపాటుగా ఉంటే ప్రాణం తీస్తుంది.

వంటగ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని దానిలో ఘాటు వాసన కలుపుతారు. మరి జలుబు చేసినవాళ్లకు ఆ వాసన తెలుస్తుందా? గాఢ నిద్రలో ఉన్నవాళ్లకు తెలుస్తుందా? గదిలో గాలికి నూటికి రెండు పాళ్లు గ్యాసు కలిస్తే చాలు. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

అందుకే గ్యాసును పసిగట్టే పెట్టె వచ్చింది. దానిలోని ముఖ్యమైన భాగాన్ని 1962లో జపాన్ దేశంలో నవోయోషి తగుచి అనే ఆయన కనిపెట్టాడు.

అది ఎలా పనిచేస్తుంది? ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తగరం మీకు తెలుసు. తగరం గాలిలో బాగా కాలితే తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడిని చిన్న పూసలా చేసి కాలుస్తారు. మట్టికుండకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి కదా! అందుకే కుండ చెమరుస్తుంది. ఈ పూసకూ అలాంటి సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి గాలి లోపలిదాకా పోతుంది.

పెట్టెలో ఈ పూసను కరెంటుతో వేడిగా ఉంచుతారు. గాలిలోని ప్రాణవాయువు పూస రేణువులకు అంటుకుని ఉంటుంది. అప్పుడు పూసలో కరెంటు సరిగా పారదు. గ్యాసు వచ్చిందనుకోండి. అది ఆ ప్రాణవాయువుతో కలిసిపోతుంది. అడ్డు తొలగుతుంది. కాలువకు అడ్డుకట్ట తీసినట్టు కరెంటు పారుతుంది. వెంటనే పెట్టె మోగుతుంది.

పెట్టెను ఎక్కడ పెట్టాలి? వంటగ్యాసు గాలికన్నా బరువు. నేలమీద పరుచుకుంటుంది. కాబట్టి నేలకు జానెడు ఎత్తున గోడకు బిగించాలి. అటక దగ్గర పెడితే లాభం లేదు. ప్లగ్గుకు పెట్టే రకమైతే కరెంటు పోయినప్పుడు మోగదు. స్పిరిటు ఆవిరికి కూడా ఒక్కోసారి మోగుతుంది. అయినా ఊరికే మోగిందిలే అనుకోవద్దు.

పెట్టె మోగినా, వాసన వచ్చినా ఇలా చేయండి.
స్విచ్చి వేయొద్దు, ఆర్పొద్దు.
అగ్గిపుల్ల గీయొద్దు.
రెగ్యులేటరు కట్టేయండి.
తలుపులు, కిటికీలు తెరవండి.
అందరూ బయటికి రండి. బయటికొచ్చాకే 1906కు ఫోను చేయండి.

పెట్టె లేనివాళ్లు ఏం చేయాలి? పైపుకు సబ్బునీళ్లు రాయండి. బుడగలొస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్లతో మాత్రం చూడొద్దు. రోజూ పడుకునే ముందు రెగ్యులేటరు కట్టేయండి.

పెట్టె కేక మాత్రమే వేస్తుంది. గ్యాసు కట్టాల్సింది మనిషి చెయ్యే. ఈ పాఠం ఇంట్లో మగవాళ్లకూ, పిల్లలకూ చదివి వినిపించండి.