గూటి తలుపు వేశామా?

(పెన్షనర్స్ డే సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చి చెప్పింది. ఆ విషయం నాకంటే బాగా చెప్పగల వక్తలు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను "మీ కోళ్ళ సంగతి చెప్పండి" అన్నారు. మనలో చాలామంది రిటైరయ్యాక సొంత ఊరు చేరి పెరట్లో పది కోళ్ళు పెంచుకుంటున్నారు. నేను చేసిన తప్పు మీరెవరూ చేయకూడదని ఒప్పుకున్నాను.

నా దగ్గర పద్దెనిమిది కోళ్ళు ఉండేవి. కొన్ని నాటువి, కొన్ని హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వారు రూపొందించిన వనరాజ రకం. పగలంతా పెరట్లో తిరిగి పురుగూ పుట్రా ఏరుకు తినేవి. 2021 డిసెంబరులో ఒక రాత్రి పెళ్ళి భోజనం చేసి ఆలస్యంగా ఇంటికి వచ్చాను. గూటి తలుపు దగ్గరకు వేశానే గాని గడియ పెట్టలేదు. తెల్లవారి చూస్తే ఏడు కోళ్ళు మిగిలాయి. "నక్క తోక తొక్కి వచ్చాడు" అంటారు అదృష్టవంతుణ్ణి. నా ఇంటికి ఆ తోక గల నక్కే నడిచి వచ్చింది.

తీసుకుపోయింది రెండో మూడో. మిగతావన్నీ అక్కడే చచ్చిపడి ఉన్నాయి. కసితో చంపిందనుకున్నాను. అది కసి కాదని తరువాత తెలిసింది. పారిపోయే దారి లేక కోళ్ళు గూట్లో రెక్కలు కొట్టుకుంటూ ఉంటే, ఆ కదలికకు నక్క కరుస్తూనే ఉంటుంది.

ఆ కోపంలో మేక పేగుల్లో పురుగుమందు కలిపి, కాలువ గట్టున తుమ్మ పొదల దగ్గర పెట్టాను. మా ఇంటావిడ వద్దంటున్నా వినలేదు. మరునాడు అక్కడ చచ్చిపడి ఉన్నది నక్క కాదు, ఎదురింటావిడ కుక్క. భర్త పోయాక ఆమెకు రాత్రి కాపలా అదే. నక్క వాసన తగిలితే వీధంతా లేపేది కూడా అదే. రెండు రోజులు నోరు మెదపలేదు. మూడో రోజు వెళ్ళి చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "కోడి పోతే ఇంకో పెట్ట పొదుగుతుంది అన్నయ్య గారూ, కాపలా పోతే ఎక్కణ్ణించి తెస్తారు?" అంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ అధికారి మాటా నన్నంతగా పొడవలేదు.

విషానికి నక్క ఏదో, నెమలి ఏదో, పిల్లవాడు ఎవరో తెలియదు. కంచెకు కరెంటు పెట్టడం అంతకంటే ఘోరం. అలాంటి తీగలకు మనుషులే బలవుతున్నారు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కను చంపడం నేరం. పొలంలో ఎలుకలను తిని రైతుకు మేలు చేసేదీ ఆ నక్కే.

మరి కోళ్ళను కాపాడేదెట్లా? నేను ఆచరిస్తున్నవి చెబుతాను.

మొదటిది, దీపాలు పెట్టే వేళకు కోళ్ళను లెక్కపెట్టి గూట్లోకి తోలి గడియ పెట్టాలి. నక్క ఎక్కువగా తిరిగేది మునిమాపు నుండి తెల్లవారే వరకు. బాగా వెలుగు వచ్చాకే తలుపు తీయాలి.

రెండవది, పది కోళ్ళకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు చాలు. నేల నుండి రెండడుగుల ఎత్తున కట్టాలి. పలచని కోళ్ళ జాలీని కుక్క, నక్క చింపేస్తాయి. అరంగుళం కన్నాల గట్టి వెల్డెడ్ మెష్ వేస్తే ముంగిస కూడా దూరలేదు.

మూడవది, నక్క తవ్వుకుని వస్తుంది. గూడు నేల మీదే ఉంటే చుట్టూ ఒక అడుగు లోతున మెష్ పాతి, అడుగున బయటి వైపుకు మడవాలి. దాని పైన రాళ్ళు పేర్చాలి.

నాలుగవది, చచ్చిన కోడిని, కోసిన కోడి వ్యర్థాలను దొడ్డి వెనుక పారేయకూడదు, లోతుగా పూడ్చాలి. ఆ వాసనే నక్కకు మనం పంపే ఆహ్వాన పత్రిక.

ఐదవది, పిల్లలకు గద్ద భయం ఉంటుంది. అవి కాస్త ఎదిగే వరకు తల్లితో సహా గంప కింద ఉంచి, గంప మీద రాయి పెట్టాలి.

ఒక హెచ్చరిక. మనిషిని చూసి బెదరకుండా పట్టపగలు మీదికి వచ్చే నక్కకు పిచ్చి పట్టి ఉండవచ్చు. దాని దగ్గరకు పోవద్దు. కరిస్తే గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

ఇప్పుడు నా దగ్గర పన్నెండు కోళ్ళు ఉన్నాయి. నక్క ఇప్పటికీ వస్తుంది, గూటి చుట్టూ తిరిగి పోతుంది. దాని అడుగులు ఉదయం బురదలో కనిపిస్తాయి. ఎదురింటావిడకు ఒక కుక్కపిల్లను తెచ్చి ఇచ్చాను. అది పెద్దదై ఇప్పుడు రెండిళ్ళకూ కాపలా కాస్తోంది. రోజూ సాయంత్రం ఆమె గుమ్మంలో నుండి "అన్నయ్య గారూ, గడియ పెట్టారా?" అని కేకేస్తుంది. పెట్టానని చెప్పాకే లోపలికి వెళుతుంది.