పూసల చట్రం - మన పిల్లల లెక్కలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. చదువంటే చాలా పెద్ద విషయం. అందుకని నేను ఒక్క చిన్న వస్తువు గురించే చెబుతాను. చెక్క చట్రం, దానికి తీగలు, తీగలకు పూసలు. అబాకస్ అంటే అందరికీ తెలుస్తుంది. నేను పూసల చట్రం అంటాను.

ముందు మా తరగతిలో జరిగింది చెబుతాను. రెండో తరగతి పిల్లవాణ్ణి "నవాసీ" రాయరా అంటే 79 రాశాడు. పక్కవాడూ అంతే. వాళ్లు మొద్దులేం కాదు. చిక్కంతా మాటలో ఉంది. తెలుగులో ఎనభై తొమ్మిది అంటే ఎనభై వేరుగా, తొమ్మిది వేరుగా చెవికి వినిపిస్తాయి. ఉర్దూలో ఒకటి నుంచి వంద దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ ఒక ప్రత్యేకమైన పేరు. కంఠతా పట్టాల్సిందే. పైగా ఉన్‌తీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ, ఉన్‌సఠ్ అంటే అరవైకి ఒకటి తక్కువ, ఉన్నాసీ అంటే ఎనభైకి ఒకటి తక్కువ. ఈ వరుసన పోతే 89 అనేది తొంభైకి ఒకటి తక్కువ కావాలి గదా? కాదు. అక్కడికి వచ్చేసరికి నవాసీ, అంటే తొమ్మిదీ ఎనభై! దీనికి తోడు అక్షరాలు కుడి నుంచి ఎడమకు, అంకెలు ఎడమ నుంచి కుడికి. ఆరేళ్ల పిల్ల ఇదంతా మోయాలి. మన భాషను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ భాష చెప్పుకునే నేను అన్నం తింటున్నాను.

ఇప్పుడు చట్రం తీసుకోండి. పది తీగలు, తీగకు పది పూసలు, మొత్తం వంద. ఎనిమిది తీగలు నిండుగా జరిపి, తొమ్మిదో తీగలో తొమ్మిది పూసలు జరిపితే నవాసీ. ఎనిమిదో తీగలో ఒక్క పూస ఆపేసి, మిగతావి జరిపితే ఉన్నాసీ. ఎనభైకి ఒకటి తక్కువ అన్నది పిల్ల కంటితో చూస్తుంది, చేత్తో జరుపుతుంది. ఆ తర్వాత పేరు తప్పడం చాలా మటుకు తగ్గుతుంది. ఇది నేను చూసి చెబుతున్న మాట.

ఈ రకం చట్రం రష్యా దుకాణాల్లో లెక్కకు వాడిన దాని తోబుట్టువు. 1812లో నెపోలియన్ సైన్యంతో రష్యా పోయి ఖైదీ అయిన పాన్సెలే అనే ఫ్రెంచి గణితవేత్త సరాతోవ్‌లో ఉండగా దీన్ని చూశాడు. 1814లో విడుదలై, తన ఊరు మెట్స్‌లో బడిపిల్లలకు పరిచయం చేశాడు. ఖైదు నుంచి తెచ్చుకున్న సామాను!

చైనా, జపాన్ దేశాల చట్రాలు వేరు. మధ్యలో అడ్డపట్టీ ఉంటుంది. చైనావారిది పైన రెండు పూసలు, కింద ఐదు. జపాన్ సొరోబాన్‌లో పైన ఒకటి, కింద నాలుగు. పై పూస విలువ ఐదు. ఎనిమిది వేయాలంటే పైది ఒకటి, కిందివి మూడు. దానికి ఏడు కలపాలంటే అక్కడ ఏడు పూసలు లేవు. ఏడంటే పదికి మూడు తక్కువ. కాబట్టి కింది మూడూ తీసేసి, ఎడమ కమ్మీ మీద ఒకటి వేస్తారు. పదిహేను అయింది. ఉన్‌తీస్, ఉన్‌సఠ్ అర్థం తెలుసుకున్న మన పిల్లలకు ఈ "తక్కువ" లెక్క ఏమంత కొత్త కాదు.

1946 నవంబరులో టోక్యోలో సొరోబాన్‌కూ, అమెరికన్ సైనికుడు నడిపిన విద్యుత్ లెక్కల యంత్రానికీ పోటీ పెట్టారు. నాలుగింట సొరోబాన్ గెలిచింది. గుణకారంలో యంత్రం గెలిచింది. ఇలాంటి కథలు విని తల్లిదండ్రులు "మావాణ్ణి అబాకస్ క్లాసుకు పంపమంటారా మాస్టారూ?" అని అడుగుతారు. ఫీజు కట్టగలిగితే పంపండి, నష్టమేమీ లేదు. కానీ వేగం మన పిల్లల కరువు కాదు. 79కీ 89కీ తేడా తెలియనివాడికి వేగం నేర్పితే తప్పు తొందరగా చేస్తాడు, అంతే.

ఇంకొక సంగతి. చట్రం జవాబు చూపిస్తుంది గాని దారి దాచుకోదు. పూస జరిపాక ముందు ఏముందో పోయింది. వెయ్యేళ్ల కిందటే ఒక మన పెద్దాయన ఈ సంగతి పట్టుకున్నాడు. మన దేశపు అంకెల లెక్కను అరబ్బులు ధూళి చల్లిన పలక మీద చేసేవారు. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. 952-53లో డమాస్కస్‌లో గ్రంథం రాసిన అల్ ఉక్లీదిసీ ఆ పలక వదిలి సిరా, కాగితం పట్టమన్నాడు. కాగితం మీదైతే మెట్లు మిగులుతాయి, తప్పెక్కడో వెతుక్కోవచ్చు. ఆ పలకతో వీధుల్లో జాతకాలు చెప్పేవాళ్లలా కనబడతామని కూడా ఆయన బాధ! కాబట్టి మా తరగతిలో పూస జరిపిన ప్రతిసారీ పక్కన నోటు పుస్తకంలో రాయిస్తాను. మూడో తరగతి వచ్చేసరికి చట్రం బీరువా ఎక్కాలి. ఎక్కని పిల్లను మాత్రం తొందరపెట్టకూడదు.

సంఘం వారికి ఒక మనవి. ఏటా బహుమతులకు స్టీలు గ్లాసులు, టిఫిన్ డబ్బాలు ఇస్తున్నారు. ఈ ఏడు ఆ డబ్బుతో ఒకటి, రెండు తరగతుల్లో నలుగురు పిల్లలకొక చట్రం చేయించండి. పూసలు తీగకు ఐదు ఎరుపు, ఐదు తెలుపు ఉంటే పిల్ల ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండానే ఏడును గుర్తు పడుతుంది. తీగ గట్టిది కావాలి, వంగితే పూస జరగదు. మన మొహల్లాలో వడ్రంగం పని చేసే సోదరులు ఉన్నారు. వారు సభ ముగిశాక నన్ను కలిస్తే కొలతలు ఇస్తాను. నమూనా ఒకటి నా సంచిలోనే ఉంది.

ఖుదా హాఫిజ్.