కొండకు యీ పక్క వాన
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతకుముందే మనమంతా పంచాంగ శ్రవణం చేశాము. ఈ యేడు మేఘాధిపతి యెవరో, వాన యెన్ని కుంచములో విన్నాము. కురిసే వానలో పది పాళ్లు సముద్రానికి, ఆరు పాళ్లు కొండలకు, నాలుగే పాళ్లు నేలకు అని పంచి చెప్పడం పంచాంగాల వాడుక. మేము రైల్వే గుమాస్తాగిరీ చేసుకొనేవారము. చదువు మెట్రిక్‌తో సరి. అయినా కొండ తన పాలు యెలా తీసుకొంటుందో రైలెక్కి కళ్లారా చూడవచ్చునని మాత్రం మనవి చేయగలము.

ఆషాఢమాసంలో రాజపాళయం నుంచి తెన్‌కాశి, సెంగోట్టై మీదుగా పునలూరు వెళ్లండి. 1904లో మీటరు గేజీగా మొదలై, 2018లో బ్రాడ్ గేజీగా తిరిగి తెరుచుకొన్న ఘాటు మార్గమది. తెన్‌కాశి దాకా పొడిగాలి, దుమ్ము. కుర్తాళం దగ్గర కొండ సందులోంచి జారివచ్చే సన్నని తుంపర. ఆర్యంకావు సొరంగం దాటితే ఆవల యెడతెగని వాన. కేరళలో యేడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిస్తే, మన విరుదునగర్ జిల్లాకు దక్కేది సుమారు 800. అందులోనూ పెద్ద పాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య ఋతుపవనానిదే.

ఇక యెండ సంగతి. కొండ యెక్కే చెమ్మగాలి మబ్బు కట్టిన తర్వాత కిలోమీటరుకు సుమారు 6 డిగ్రీలే చల్లబడుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు తనలోని వేడిని గాలికి వదలడమే దానికి కారణం. వానను ఆవల దించేసి యీవలకు దిగే పొడిగాలి మాత్రం కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. లెక్కకు ఒక గాలి 28 డిగ్రీలతో బయలుదేరి, అర కిలోమీటరు యెత్తున మబ్బు కట్టి, ఒకటిన్నర కిలోమీటరు యెక్కిందనుకొందాము. శిఖరం మీద 17 డిగ్రీలు, యీవల కిందికి వచ్చేసరికి 32. అందుకే జూన్, జూలై నెలల్లో కొండ నెత్తిన తలపాగా చుట్టినట్లు మబ్బు కనబడుతూనే వుంటుంది, మన వాకిట్లో మాత్రం చినుకు పడదు. ఇటువంటి చోటును వర్షచ్ఛాయా ప్రాంతమంటారు.

మన పూర్వులు రాయల కాలం నుంచీ, నాయకరాజుల కాలం నుంచీ తెలుగునాడు విడిచి యీ దక్షిణాదికి వచ్చినవారు. వస్తూ కార్తెలను కూడా మూటగట్టి తెచ్చుకొన్నారు. రోహిణికి రోళ్లు పగులుతాయి, మృగశిరకు తొలకరి వస్తుంది. అది గోదావరి, కృష్ణ గట్లకు సరిపోయిన లెక్క. ఇక్కడ మృగశిరకు వచ్చేది గాలి. ఆడిగాలికి సన్నికల్లు కూడా యెగురుతుందని మన తమిళ ఇరుగుపొరుగువారి సామెత. అక్కడ రోలు పగిలితే యిక్కడ సన్నికల్లు యెగిరిందన్నమాట! తెన్‌కాశి, కయత్తారు ప్రాంతాల గాలిమరలు తిరిగేది యీ గాలితోనే.

మరి యెండాకాలంలో మనకు కురిసేది యే వాన? ఆవలి గాలి తెచ్చేది కాదు, ఆ పూట యెండే యిక్కడికిక్కడ కాచి పోసే వాన. ఏప్రిల్, మే నెలల్లో కొండ చరియలు, యెర్ర నేలలు కాగి, వాటినంటిన గాలి తేలికై లేస్తుంది. సముద్రం వైపు నుంచి చెమ్మ తోడైతే మబ్బు పాలు పొంగినట్లు పది పన్నెండు కిలోమీటర్లు పొంగుతుంది. లోపల మంచు పలుకులూ వడగళ్లూ రాచుకొని విద్యుత్తు పోగవుతుంది. రాలే చినుకులో కొంత, కింది పొడిగాలిలోనే ఆవిరైపోతుంది. కొత్త కుండలో నీరు చల్లబడ్డట్లే ఆ గాలీ చల్లబడి, బరువెక్కి, నేలకు పడి నలుదిక్కులా పరుగెత్తుతుంది. వానకు ముందు మన మొగాన కొట్టే చల్లని దుమ్ముగాలి అదే. 40 డిగ్రీల యెండ పావుగంటలో 30కి దిగిపోవచ్చును. ఒక వీధి తడుస్తుంది, పక్క వీధి పొడిగానే వుంటుంది.

ఎడారులలోనూ యిదే పద్ధతి. రాజస్థానంలోని ఫలోడీలో 2016 మే 19న 51 డిగ్రీల వేడి నమోదయినది. ఆ థార్ ఎడారి కాగి గాలిని పైకి లేపడం ఋతుపవనాన్ని దేశంలోకి లాగే బలాలలో ఒకటి. కాని చెమ్మ అక్కడికి చేరేసరికి పలచబడుతుంది, పైన పొడిగాలి మూతపెడుతుంది, జైసల్మేరుకు యేడాదికి సుమారు 200 మిల్లీమీటర్లే దక్కుతాయి. మన అనంతపురం యెడారి కాదు, అయినా సుమారు 550తో సరిపెట్టుకొంటుంది. తెలుగు కుటుంబాలు స్థిరపడిన అమెరికాలోని అరిజోనా యెడారిలో సైతం జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు ఋతుపవన కాలమే. 2011 జూలై 5న ఉరుముల మబ్బుల నుంచి దిగిన గాలి ఫీనిక్స్ నగరాన్ని దుమ్ముతో కప్పివేసినది. అక్కడి బిడ్డలు యింటికి వ్రాసినా, యిక్కడ తల్లులకు ఆ గాలి కొత్త కాదు.

ఇప్పుడు అసలు మనవి. మన సత్రపట్టి మగ్గాల వూరు, ఆసుపత్రులకు కట్టుగుడ్డ, గాజుగుడ్డ నేసి పంపే వూరు. తెల్లబరచిన గుడ్డ యెండలో ఆరాలి. దుమ్ముగాలి లేవగానే ఆడవారు, పిల్లలు గుడ్డ తీయడానికి బయటికి పరుగెత్తుతారు. పిడుగుకు అదే అనువైన సమయం. వాన మొదలు కాకముందే, మబ్బుకు పది కిలోమీటర్ల దూరంలో కూడా పిడుగు పడగలదు. మన దేశంలో యేటా 2,000 మందికి పైగా పిడుగుపాటుకు బలి అవుతున్నారు. కనుక కొండమీద మబ్బు నల్లబడినప్పుడే గుడ్డ తీయండి. ఉరుము వినిపిస్తే గుడ్డను దాని మానాన వదలి లోపలికి రండి. గుడ్డ తడిస్తే మళ్లీ ఆరుతుంది. తాటిచెట్టు కిందికి, ఒంటరి వేపచెట్టు కిందికి పోవద్దు. కడపటి ఉరుము విన్న తర్వాత అరగంట ఆగండి. చేతిలో ఫోను వున్నవారికి మెరుపుల జాడ చెప్పే ‘దామిని’ అనే ప్రభుత్వ ఆప్ కలదు.

రెండవది నీరు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 30 చదరపు మీటర్ల మిద్దె మీద 40 మిల్లీమీటర్ల గాలివాన పడితే 1,200 లీటర్లు. గంటలో వచ్చి గంటలో కాలువ పాలయ్యే నీరది. 2003లోనే తమిళనాడు ప్రభుత్వం ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసినది. ఆ గొట్టాలు పూడిపోయివుంటే యీ చైత్రంలోనే పూడిక తీయించండి.

పిల్లలకొక మాట. నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, పడిన వానను స్కేలుతో కొలిచి, తేదీ వేసి నోటుబుక్కులో వ్రాయండి. దేశంలో వాతావరణ సాధనాలు స్వదేశంలోనే తయారయ్యేలా పాటుపడిన అన్నా మణిగారు 1918లో మన కొండకు ఆవలి పీరుమేడులో పుట్టిన ఆడపడుచే. కార్తెలను మరువవద్దు, అవి మన తాతల అనుభవం. వాటి పక్కనే యీ నేల లెక్క కూడా మీ చేతులతో వ్రాసిపెడితే, మీ పిల్లలకు రెండూ ఆస్తే అవుతాయి.

కొత్త సంవత్సరంలో చెరువులు నిండాలని, మగ్గాలు ఆడాలని, యే యింటా పిడుగుమాట వినబడకూడదని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాము.