తలగడకు పట్టిన మరక



ఇవాళ నేను చెప్పబోయేది చాలా చిన్న సంగతి. చిన్నదే గాని, చుట్టాలొచ్చిన రోజున మన పరువు తీసే సంగతి. గలీబు మారుద్దామని తలగడ బయటికి తీస్తాం చూడండీ, అప్పుడు కనిపించే పసుపుపచ్చ మరకల మాట. ఎవరూ చూడకుండా ఉతికిన గలీబు తొడిగేస్తాం. మరక మాత్రం లోపల అలాగే ఉంటుంది, ఏటేటా ముదురుతుంది.

ఆ మరక ఎక్కడిదంటారా? సగం చెమట, సగం తలనూనె. ఒంటి జిడ్డూ, నూనే గుడ్డకి పట్టి, గాలి తగిలిన కొద్దీ పచ్చబడతాయి. తలంటి పోసుకుని జుట్టు ఆరకుండానే పడుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ తడి లోపలి దూదికి దిగుతుంది. ఇక మా రామాపురం వైపు సముద్రపు గాలి గురించి చెప్పనే అక్కర్లేదు. బాపట్ల, రేపల్లె వాళ్ళకి తెలుసు, తీగమీద బట్ట సాయంత్రానికి మళ్ళీ చెమర్చినట్టుంటుంది.

మరక చూడగానే తలగడను బకెట్టులో ముంచేయకండి. ముందు లోపల ఏముందో చూసుకోండి. మన పాత తలగడల్లో ఉండేది బూరుగుదూది. ఆ పోగుకి పైన మైనం లాంటి పూత, లోపల డొల్ల. అందుకే నీళ్ళలో తేలుతుంది. ఒకప్పుడు పడవల్లో ప్రాణరక్షణ చొక్కాల్లో కూడా ఈ జాతి దూదినే కూరేవారు. తేలుతుంది గదా అని తలగడ మొత్తం నానబెడితే మాత్రం దూది ఉండలు కట్టేస్తుంది, నడుమ చేరిన తడి వారానికీ ఆరదు. ముక్కవాసన మొదలవుతుంది. పైకి తెల్లగా, లోపల బూజు. ఆయాసం ఉన్న పిల్లలో, పెద్దవాళ్ళో రాత్రంతా దానిమీదే ముక్కు పెట్టుకుని పడుకుంటారు. మరకకంటే ఈ బూజే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

కాబట్టి ఒక పక్క కుట్టు విప్పండి. దూదిని పాత చీర ముక్కతో కుట్టిన సంచిలోకి మార్చి మూతి కట్టి ఎండలో పడేయండి. ఈ పని గాలి లేనిచోట, ముక్కుకి గుడ్డ కట్టుకుని చేయాలి. లేకపోతే ఇల్లంతా దూదే, మర్నాడు కూరలో కూడా దూదే! ఇదివరకు దూదేకుల సాయిబు వీధిలోకి వచ్చి ఏకి ఇచ్చి వెళ్ళేవాడు. ఇప్పుడు మనమే చేత్తో పొడిగా విడదీసుకోవాలి.

ఇక మిగిలింది ఖాళీ సంచి. దీన్ని ఎంతైనా ఉతకవచ్చు. నూనె మరకమీద ముందు బియ్యప్పిండి గాని, శనగపిండి గాని చల్లి ఒక గంట వదిలి దులపండి, జిడ్డు కొంత పీల్చుకుంటుంది. ఆ తర్వాత కుంకుడు రసం. పది కాయలు కొట్టి, గింజ తీసి, వేణ్ణీళ్ళలో రాత్రే నానబెట్టుకోండి. పొద్దున పిసికి వడకట్టి, ఆ నురగలో సంచిని ఒక పూట ఉంచండి. వడకట్టడం మానకండేం! పిప్పి రంగు తెల్లగుడ్డకి అంటుతుంది. తెల్లని నూలుగుడ్డయితే, ఇంకా పచ్చదనం మిగిలితే, బట్టల సోడా ఒక గుప్పెడు వేసి ఉడకేయండి. చాకిరేవులో బానపెట్టి చేసిందీ ఇదే గదా. చివరగా మంచినీళ్ళలో జాడించి, మరక ఉన్నచోట నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పరవండి. ఎండ చేసినంత పని ఏ సబ్బూ చేయదు.

కొందరు సోడా, వినిగర్ రెండూ కలిపి పోస్తారు. బుసబుస పొంగుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది గాని, ఒకదాని బలం ఒకటి చంపేసుకుంటాయి. ఏదో ఒకటే వాడండి.

ఇంకొక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నిమ్మరసం గాని, వినిగర్ గాని బ్లీచింగు పౌడరుతో కలపకండి. క్లోరిను వాయువు పుడుతుంది. తలుపు వేసిన స్నానాలగదిలో ఊపిరాడక ప్రాణంమీదికి వస్తుంది. పిల్లలు పక్క తడిపిన గుడ్డమీద కూడా ఆ పౌడరు చల్లకూడదు, అక్కడా విషపు ఆవిరే. తడిపిన చోట పొడిగుడ్డతో అద్ది, ఒకవంతు వినిగర్, రెండువంతులు నీళ్ళు కలిపి తుడవండి. ఆరాక వంటసోడా చల్లి దులిపేస్తే వాసన పోతుంది. తలగడ ఎండలో పెట్టినప్పుడు, అది ఎందుకు పెట్టారో ఆ పిల్లవాడి ఎదుట పక్కింటి పిన్నిగారికి చెప్పకండి, పాపం.

శుక్రవారం మొహానికి రాసుకున్న పసుపు అంటిందా? సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, గుండె గుభేలుమంటుంది. సోడా, సబ్బుల గుణమది. నిమ్మరసం తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది, ఎండలో రెండు మూడు రోజులకి వెలిసిపోతుంది. నెత్తురు మరకకి మాత్రం చన్నీళ్ళూ, ఉప్పే. వేణ్ణీళ్ళు పోస్తే మరక స్థిరపడిపోతుంది.

ఆరబెట్టే వేళ కూడా ముఖ్యమే. వేసవిలో పడమటిగాలి వీస్తున్నప్పుడు, పొద్దున పదింటికి పెట్టి, సముద్రపు గాలి తిరిగేలోగా లోపలికి తెచ్చేయండి. దూది సంచిని గంటకోసారి తిప్పి కొట్టాలి. చెయ్యి లోపలికి పెట్టి చూడండి, నడుమ చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. మర్నాడు మళ్ళీ ఎండబెట్టాకే కుట్టండి.

ఇప్పుడు కొనే ఫైబరు దిండ్లయితే గోరువెచ్చని కుంకుడు నీళ్ళలో నొక్కి నొక్కి ఉతకవచ్చు. పిండేటప్పుడు మెలి తిప్పకండి. రబ్బరు దిండును నానబెట్టనూ కూడదు, ఎండలో పెట్టనూ కూడదు, పొడిబారి రాలిపోతుంది. తడిగుడ్డతో తుడిచి నీడపట్టున ఆరనివ్వండి. ఏ దిండయినా గలీబును వారానికోసారి బాగా కాగిన నీళ్ళలో ఉతికితే కంటికి కనపడని దుమ్ము పురుగులు చస్తాయి. ఆయాసం ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి.

వరదనీటిలో మునిగిన తలగడలను మాత్రం ఉంచుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్ళలోకి వచ్చినప్పుడు, కృష్ణ లంకగ్రామాలను ముంచినప్పుడు ఎందరో తమ తలగడలను ఎండబెట్టుకోవాలని చూసి ఉంటారు. ఆ నీళ్ళలో మురుగు ఉంటుంది, దూదిలోంచి అది పోదు. మనసు ఒప్పకపోయినా పారేయాల్సిందే.

పురిటి పిల్లలకి ఆవాల దిండు పెడుతుంటాం. తల గుండ్రంగా వస్తుందని పెద్దల నమ్మకం. ఏడాది నిండని బిడ్డకి అసలు ఏ దిండూ వద్దంటున్నారు ఇప్పటి పిల్లల డాక్టర్లు, ఊపిరికి అడ్డం పడుతుందని. అత్తగారితో పోట్లాట పెట్టుకోకుండా, ఆ ఆవాలు ఎండబెట్టి పోపులపెట్టెలో పోసేయండి.